మైకు లేని శుక్రవారం

మా నాయనమ్మ దేవుణ్ణి "ఏవండీ" అని పిలిచేది. కొల్లేటి లంకలో పుట్టి, కొల్లేట్లోనే వలలు లాగి, చిన్న వయసులోనే మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి. ఆ పిలుపుకి పలికేవాళ్ళు ఇంట్లో లేరు కాబట్టి తీసుకెళ్ళి ప్రభువుకి ఇచ్చేసిందని మేమంతా వెక్కిరించేవాళ్ళం. పొద్దున్నే తలమీద చెంగు కప్పుకుని మొదలుపెట్టేది.

"ఏవండీ, వింటున్నారా? నిన్న వల్లో గుర్రపుడెక్క తప్ప ఏం పడలేదండీ. అది వండుకు తినమంటారా చెప్పండి. ఈ పిల్ల ఉందే, దీనికి నోరెక్కువ, బుద్ధి తక్కువ. ఆ రెండోది కాస్త చూడండి."

ఆ పిల్లని నేనే. ఆమెన్ అనగానే లేచి పరిగెత్తబోతే తొడమీద గిల్లి కూర్చోబెట్టేది. "ఎక్కడికే? మనం చెప్పాల్సింది చెప్పేశాం. ఆయన చెప్పొద్దా? నువ్వు గబుక్కున లేచిపోతే ఆయనెవరితో మాట్లాడతాడు, పిల్లితోనా?" అనేది. కూర్చునేవాళ్ళం. కొల్లేరు మీద కొంగలు, ఎక్కడో దోనె వెదురు గడ నీళ్ళలో దిగిన చప్పుడు, అంతే. దేవుడు నాతో ఒక్క మాటా అనేవాడు కాదు. కానీ లేచేసరికి కడుపు నిండినట్టుండేది, ఏమీ తినకపోయినా.

ఎనిమిదో తరగతిలో ఉండగా మాస్టారు నన్ను రోజూ బయట నిలబెట్టేవారు. ఒకరోజు అలా నిలబెట్టాక మళ్ళీ లోపలికెళ్ళడం మర్చిపోయాను. నా చదువు అక్కడితో సరి.

పెళ్ళయ్యి తాడేపల్లిగూడెం వచ్చాను. మా ఇంటాయన ఉల్లిపాయల మార్కెట్‌లో బస్తాలు దింపే జట్టులో పని. తెల్లారకముందే లారీలొస్తాయి, ఎండెక్కేసరికి పనైపోతుంది. మనిషి నెమ్మది. బజార్లో పాలవాడితో కూడా "అలాగేనండి, తర్వాత వస్తానండి" అని మాట్లాడతాడు. గొంతు పైకి లేవగా విన్నవాళ్ళు లేరు. మా వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళని తిట్టాలంటే ఈయన్ని చూపించి తిట్టేవారు. "ఆ పక్కింటాయన్ని చూసి నేర్చుకోండి, మనిషంటే అలా ఉండాలి" అని. నేను తలూపేదాన్ని. తలూపితే మెడ నొప్పి పుట్టేది, అది వేరే సంగతి.

మాట మెత్తనే. చెయ్యి కాదు.

మొదటిసారి పులుసులో ఉప్పు గురించి. తలుపు గడియ పెట్టాడు. చొక్కా విప్పి, మడతపడకుండా వంకీకి తగిలించాడు. ఉప్పుకి ఇంత తయారు కావాలా అని నాకు నవ్వొచ్చింది. నా జుట్టు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కింద పడేసి, వీపుమీద మోకాలు పెట్టి, "నీకెన్నిసార్లు చెప్పాలే నేను" అని గుసగుసలాడుతున్నట్టు అన్నాడు. పిడికిలి ఎక్కడ పడిందో ఇప్పటికీ వానాకాలంలో ఆ ఎముక చెబుతుంది. తర్వాత చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కుని, అన్నం పెట్టమన్నాడు. పెట్టాను. ఆ పూట ఉప్పు గురించి ఏమీ అనలేదు.

మా ఇంటికీ ప్రార్థన మందిరానికీ మధ్య ఒకటే గోడ. మావైపు సున్నం, అటువైపు వాక్యం. శుక్రవారం పొద్దున ఆడవాళ్ళ ఉపవాస ప్రార్థన. మైకు, రెండు పెద్ద బాక్సులు, తప్పెట్లు, పైన రేకుల కప్పు. ప్రార్థనలో ఒక ఘట్టం వస్తుంది. అందరూ ఒక్కసారే, ఎవరి మొర వాళ్ళు, గొంతెత్తి పెడతారు. యాభైమంది ఆడవాళ్ళ కష్టాలు ఒకేసారి పైకి లేస్తే రేకులు అదిరేవి. మా ఇంట్లో గిన్నెలు కూడా వణుకుతూ ప్రార్థన చేసేవి.

శుక్రవారమే దెబ్బలెందుకు పడతాయో నాకు చాన్నాళ్ళు తెలియలేదు. సోమవారం చేసిన తప్పు ఆయన శుక్రవారం దాకా మనసులో దాచుకునేవాడు. ఈలోగా నవ్వేవాడు, మల్లెపూలు తెచ్చేవాడు. శుక్రవారం మార్కెట్ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచంమీద కూర్చుని, పక్కన పాట మొదలయ్యేదాకా గోడవైపు చూస్తుండేవాడు. పాటలు అయ్యి, మొరలు మొదలవగానే లేచి చొక్కా విప్పేవాడు. అప్పుడు అర్థమైంది. నేనరిచినా ఆ మొరల్లో అదొక మొర. ఎవరూ తల తిప్పరు. పైగా ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేది ఈయనే. దరువు బాగా పడుతుందని అందరూ మెచ్చుకునేవారు. నిజమే, చెయ్యి మంచిది. నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ఒక శుక్రవారం అరచెయ్యి చదునుగా నా ఎడమ చెవిమీద పడింది. లోపల ఏదో టప్పున పేలింది. రక్తం కారితే ఆయనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు, భుజం చుట్టూ చెయ్యేసి. "మెట్లమీద పడిందండీ డాక్టరుగారూ" అన్నాడు. మా ఇంటికి గడప తప్ప మెట్లే లేవు. చెవి పొర చిరిగిపోయిందని, ఇక ఆ పక్క వినపడదని డాక్టరు చెప్పారు. దారిలో ఆయన మెత్తగా ఏవో సంజాయిషీలు చెప్పుకుంటూ వచ్చాడు. అవి ఎడమవైపు నడుస్తూ చెప్పాడు. నాకొక్కటీ వినపడలేదు. దేవుడున్నాడనుకున్నాను.

వెటకారం కాదు, ఉన్నాడనే అనుకున్నాను. దెబ్బలయ్యాక ఆయన నిద్రపోతే నేను వంటింట్లో పొయ్యి పక్కన గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. "ఏవండీ" అందామంటే ఆ పిలుపు ఇంట్లో మనిషి మైలపరిచేశాడు. అందుకని "ప్రభువా, మిమ్మల్నేనండీ" అని మొదలుపెట్టేదాన్ని. "చూశారా? పైనుంచి బాగానే కనిపిస్తుంది కదా? చూసి ఊరుకుంటే ఎలాగండీ? మీ గోడ పక్కనేనండీ, అడ్రసు కూడా తప్పేలా లేదు." చెప్పాల్సిందంతా చెప్పి, నాయనమ్మ గిల్లినట్టే అనిపించి, లేవకుండా కూర్చునేదాన్ని. ఎడమ చెవిలో హోరు. ఆ హోరు కింద నెమ్మదిగా ఏదో సర్దుకునేది. దోనె గడ్డి దుబ్బుల్లోకి వెళ్ళి ఆగినట్టు. మాటలేమీ వినపడేవి కావు. ఎవరో నాతోపాటు నేలమీద చతికిలబడ్డారని మాత్రం తెలిసేది. ఒంటిమీద దెబ్బలు అలాగే ఉండేవి, భయం మాత్రం కాస్త పక్కకి జరిగి చోటిచ్చేది. ఆ చోటులోనే మర్నాటిదాకా బతికేదాన్ని. అది లేకపోతే మార్కెట్ వెనక రైలు పట్టాలు ఎంతో దూరం లేవు.

అమ్మకి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పాను. "మగాడన్నాక" అంది అమ్మ. ఆ మాట తర్వాత ఇంకేముంటుందో వినడానికి ఆగాను. ఏమీ లేదు, అంతే మాట.

ఇక ఆ శుక్రవారం సంగతి.

ముందురోజు మధ్యాహ్నం జట్టులో కుర్రాళ్ళు మంచినీళ్ళకని మా ఇంటికొచ్చారు. వాళ్ళలో ఒకడు, "వదినా, ఇన్నేళ్ళుగా ఉల్లిపాయల్లో పొర్లుతున్నాం, అన్నయ్య కంట్లో ఒక్క చుక్క నీళ్ళు చూడలేదు వదినా" అన్నాడు.

"ఆయన వాటా కూడా నాకే ఇచ్చేశారు మరిదీ" అన్నాను.

నోరు జారింది. అందరూ పగలబడి నవ్వారు. మా ఇంటాయన కూడా నవ్వాడు, గ్లాసు పట్టుకుని, నావైపు చూస్తూ. ఆ నవ్వు చూడగానే రేపు ఏ వారమో గుర్తొచ్చింది.

మర్నాడు ఆయన మార్కెట్‌లో ఉండగానే మా వీధిలోకి ఒక కానిస్టేబుల్ వచ్చాడు. పదో తరగతి పరీక్షలు జరుగుతున్నాయి. మా వెనక వీధి బళ్ళోనే సెంటరు. పరీక్ష అయ్యేదాకా మైకు కట్టెయ్యాలని, గట్టిగా పాడకూడదని, చప్పట్లు కూడా వద్దని పాస్టరమ్మగారికి చెప్పి వెళ్ళాడు. పాస్టరుగారు కలిదిండి వైపు మీటింగులకి వెళ్ళారు. పాస్టరమ్మగారు సన్నటి మనిషి, గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉంటారు. "సరే, ఇవాళ మనసులోనే మొరపెట్టుకుందాం. ఆయనకి వినపడుతుందిలే" అన్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను పప్పులో పోపు పెడుతున్నాను.

మా ఇంటాయన వచ్చాడు. స్నానం చెయ్యలేదు. మంచంమీద కూర్చోనూ లేదు. గోడవైపు చూడలేదు. బస్తాలు లాగే ఇనుప కొక్కెం రోజూ మార్కెట్‌లోనే వదిలేసి వచ్చేవాడు, ఆరోజు నడుముకే ఉంది. గడియ పెట్టి, చొక్కా విప్పి వంకీకి తగిలించాడు.

"మనవాళ్ళ ముందర నవ్వించావు కదే" అన్నాడు. "నన్ను కూడా నవ్వించు."

మొదటి దెబ్బ కడుపులో. బాణలి దొర్లింది. వేడి నూనె నా పాదం మీద పడితే ఆ మంటకి రెండో దెబ్బ తెలియలేదు. మూడోది దవడ మీద. పన్నొకటి నాలుక మీదికొచ్చింది. ఉమ్మేశాను. కొక్కెం తీసి దాని మొన నా మెడకింద, గొంతు గుంటలో ఆనించి, "నవ్వించవే" అన్నాడు మళ్ళీ అంతే మెత్తగా. రెండో చేత్తో నా తల పట్టుకుని గోడకేసి అదిమాడు. ఎడమ చెవి ఆయనవైపు, కుడి చెవి గోడకి.

గోడ చల్లగా ఉంది. చెంగు నోట్లో కుక్కుకున్నాను. అది అలవాటు. "ప్రభువా, మిమ్మల్నేనండీ. ఇక నా వల్ల కాదండీ. చెప్పాల్సిందంతా చెప్పేశానండీ" అనుకున్నాను. ఇక మిగిలింది నాయనమ్మ నేర్పిన రెండో సగం. ఊరుకుని వినడం.

విన్నాను. గోడవతల ఎవరో దగ్గారు.

ఒక ముసలావిడ దగ్గు. తర్వాత గాజుల చప్పుడు. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. బట్టతో నేల రాసుకుంటూ ఎవరో సర్దుకుని కూర్చున్న చప్పుడు. ఇన్నేళ్ళలో ఆ గోడవతల ఒక మనిషి దగ్గు నాకు ఎప్పుడూ వినపడలేదు. అక్కడ వినపడేది మైకే. కొక్కెం మొన చర్మంలో దిగుతుండగా బుర్రలో ఒకే ఒక్క సంగతి తిరిగింది. వాళ్ళ దగ్గు నాకు వినపడుతోందంటే నా దగ్గూ వాళ్ళకి వినపడుతుంది.

మైకు మోగడం లేదు కాబట్టి అవతల ఎవరూ లేరనుకున్నాడేమో, ఆయనకి ఆ సంగతి తెలియదు. గోడవైపు చెవి ఉన్నది నాకే.

దేవుడు ఏ గొంతుతో మాట్లాడతాడని ఎవరైనా అడిగితే నేను ఇదే చెబుతాను. జలుబు చేసిన ముసలావిడ గొంతుతో.

చెంగు ఉమ్మేశాను. అరుద్దామంటే ఏమని అరవాలో తెలియలేదు. కాపాడండి, రక్షించండి అని ఆ గోడవతల ప్రతి శుక్రవారం అందరూ అరుస్తూనే ఉంటారు, ఎవరూ లేచి వెళ్ళరు. నోటికి ఏదొస్తే అదే వచ్చింది. ఉపవాస ప్రార్థనలో ఎవరికైనా కష్టముంటే లేచి మనవి చెబుతారు కదా, అలాగే, ఆ వరసలోనే, ఉన్న గొంతంతా పెట్టి చెప్పాను.

"అమ్మా, ప్రార్థన మనవి ఉందండీ! పక్కింటి నుంచండీ! నా మొగుడు నన్ను చంపేస్తున్నాడండీ!"

గోడవతల ఎవరో, పాపం అలవాటుకొద్దీ, "ఆమెన్" అన్నారు.

మా ఇంటాయన చెయ్యి నా తలమీద బిగుసుకుపోయింది. ఆయనకి ఆ 'ఆమెన్' స్పష్టంగా వినపడింది. ఆ క్షణాన ఆయన మొహం చూశాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మొహంలో భయం చూడడం అదే మొదలు. ఆ భయంతోనే కొక్కెం లాగాడు. గొంతుకి తగలాల్సింది భుజానికి తగిలి, చర్మం జాకెట్టుతో సహా చీరుకుపోయింది.

తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. మా ఇంటాయన గొంతు సవరించుకున్నాడు. "ఏం లేదండీ, తను కాలు జారి పడిందండీ, నేను చూసుకుంటానండీ" అన్నాడు తలుపుతో.

"తియ్యి బాబూ" అన్నారు పాస్టరమ్మగారు.

"వంట దగ్గర నూనె ఒలికిందండీ, అంతేనండీ."

"తియ్యి."

ఉల్లిపాయలు ఏరే పనికెళ్ళే భారీ మనిషి ఒకావిడ ఉంది మా వీధిలో. "మీరు పక్కకి జరగండి అమ్మగారూ" అన్న మాట వినపడింది. మరుక్షణం గడియ ఊడి, తలుపు, ఆవిడ, ఒక ప్లాస్టిక్ కుర్చీ కలిసి లోపలికొచ్చాయి. వెనకాల అందరూ. పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టని ఆడవాళ్ళు. మా ఇంటాయన కొక్కెం గాల్లో తిప్పాడు. ఆవిణ్ణి దాటుకుని ముందుకొచ్చిన పాస్టరమ్మగారి ముంజేయి మోచేతి దాకా తెరుచుకుంది. ఆ రక్తం చూశాక ఇక ఆపేవాళ్ళు లేరు. కుర్చీ విరిగేదాకా ఒకావిడ, విరిగాక కాలుతో ఇంకొకావిడ. బాణలితో తలమీద కొట్టింది ఎవరో ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆయన మూలకి ముడుచుకుని, "అమ్మా, వద్దండీ, తప్పైందండీ" అంటూనే ఉన్నాడు. అప్పుడు కూడా అండీ వదల్లేదు. ఎముక విరిగిన చప్పుడు వినపడింది. నాకు జాలి వేసిందని రాస్తే బాగుంటుంది గానీ, వెయ్యలేదు. పాస్టరమ్మగారే చీరుకుపోయిన చెయ్యి చెంగులో చుట్టుకుని, "చాలు, ఇక చాలు, చస్తాడు" అని అడ్డం పడ్డారు.

అప్పుడొచ్చాడు కానిస్టేబుల్, చెమటలు కక్కుకుంటూ. "ఏంటమ్మా ఈ గోల? చప్పుడు చెయ్యొద్దని చెప్పి వెళ్ళానా లేదా? లోపల పిల్లలు లెక్కలు రాసుకుంటున్నారు" అంటూ వచ్చి, గదిలోకి చూసి, టోపీ తీసేశాడు.

పదో తరగతి పరీక్షలు చాలామందిని గట్టెక్కించి ఉంటాయి. రాయకుండా గట్టెక్కింది నేనొక్కదాన్నే అనుకుంటాను.

ఏలూరు పెద్దాసుపత్రిలో కుట్లు వేశారు. నాదీ పాస్టరమ్మగారిదీ పక్కపక్క మంచాలు. కేసు పెట్టారు, బెయిలు మీద బయటికొచ్చాడు, ఇంకా నడుస్తోంది. నేను మా లంకకి వెళ్ళిపోయాను. కాస్త కోలుకోగానే సంఘం పెద్దలు గూడెం నుంచి కారు కట్టుకుని వచ్చారు. పాస్టరుగారు, ఇద్దరు పెద్దమనుషులు, చేతికి కట్టుతో పాస్టరమ్మగారు. అమ్మ కుర్చీలు తుడిచి వేసింది.

"చూడమ్మా" అన్నాడు ఒక పెద్దాయన. "అతను మారాడు. కన్నీళ్ళతో ఒప్పుకున్నాడు. మేం ప్రార్థనలో పెట్టాం. దేవుడు మాతో మాట్లాడాడు. కాపురం నిలబెట్టమన్నాడు."

"ఎప్పుడు మాట్లాడారండీ?"

"మొన్న ప్రత్యేక ప్రార్థనలోనమ్మా."

"మైకు పెట్టే చేశారా అండీ?"

"మరి?"

"అందుకేనండీ. ఆ మోతలో ఆయనన్నది మీకు సరిగ్గా వినపడి ఉండదు."

అమ్మ నెత్తి కొట్టుకుంది. పెద్దాయన మొహం ముడుచుకుంది. పాస్టరమ్మగారు చీరె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"వేళాకోళం కాదండీ" అన్నాను. నిజంగానే కాదు. వెళితే ఈసారి కొక్కెం గురి తప్పదని ఒళ్ళంతా తెలుసు. వెళ్ళకపోతే ఆ ఊళ్ళో, ఈ లంకలో నాకు మొహం ఉండదని అమ్మ కళ్ళు చెబుతున్నాయి. "కాసేపు ఊరికే కూర్చుందామండీ. ఎవరం మాట్లాడొద్దు. నాక్కూడా చెబుతారేమో చూస్తాను."

కూర్చున్నాం. ఒక పెద్దాయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. ఇంకొకాయన ఫోను మోగితే నొక్కేశాడు. గట్టు మీద చేపల లారీ ఐసు నీళ్ళు కార్చుకుంటూ వెళ్ళింది. భుజం కుట్లు సలుపుతున్నాయి. నేను గూడెంలో ఆ గదిలోకి వెళ్ళినట్టు, గడియ పడినట్టు, వంకీకి చొక్కా తగిలించినట్టు మనసులో పెట్టుకుని చూశాను. పొయ్యి పక్కన నాతో చతికిలబడిన ఆ తోడు కోసం వెతికాను. ఆ గదిలో లేదు. ఇక్కడ, అమ్మ చాపమీద, నా పక్కన ఉంది.

"ఏం చెప్పాడమ్మా దేవుడు?" అన్నాడు పెద్దాయన, ఓపిక అయిపోయి.

"ఏమీ అనలేదండీ. పక్కన కూర్చున్నారు. అటు వెళ్దామంటే లేచేలా లేరు. నేను రానండి."

"అదేం మాటమ్మా" అని ఆయన ఏదో అనబోతుంటే పాస్టరమ్మగారు లేచారు. "పదండి" అన్నారు పాస్టరుగారితో. "ఆ పిల్లకి వినపడింది." కట్టు కట్టిన ఆ చెయ్యి నా తలమీద కాసేపు ఉంచి, కారెక్కారు.

ఇప్పుడు ఏలూరు పక్కన వట్లూరులో ఒక కాలేజీ హాస్టల్ వంటింట్లో పని చేస్తున్నాను. ఎనిమిది చదివినదాన్ని, ఇంజనీర్లకి సాంబారు పోస్తున్నాను. గది దగ్గర్లోనే ఒక ప్రార్థన మందిరం ఉంది. వెళతాను. అక్కడా మైకే, అక్కడా రేకులే. పాటలు నాకిష్టం, గొంతు బాగోకపోయినా పాడతాను. అందరూ కళ్ళు మూసుకుని ఒక్కసారిగా మొరలు మొదలుపెట్టగానే మాత్రం చెప్పులేసుకుని బయటికొస్తాను. మందిరం చుట్టూ ఇళ్ళ గోడల వెంట నెమ్మదిగా నడుస్తాను. వింటాను. అదే నా ప్రార్థన. మొదట్లో మూత్రానికి వెళుతున్నాననుకునేవారు, షుగరా అమ్మా అని ఒకావిడ అడిగింది కూడా.

ఎక్కువగా టీవీలు వినపడతాయి. కుక్కర్లు. ఒక ఇంట్లో ఎవరో లెక్కలు వల్లె వేస్తుంటారు. మొన్న శుక్రవారం ఒక రేకుల ఇంట్లోంచి దబ్, దబ్ అని చప్పుడు, మధ్యలో ఆడమనిషి మూలుగు. చేతికందిన రాయి తీసుకుని తలుపు బాదాను. తీసేదాకా బాదాను.

తలుపు తీసినావిడ చేతిలో రోకలి ఉంది. వెనకాల రోట్లో గోంగూర.

"ఏం కావాలండీ?" అంది, నా చేతిలో రాయి చూస్తూ.

"ఏం లేదండీ. చప్పుడు వినపడిందండీ."

"నడుం నొప్పండీ, దంచుతుంటే మూలుగొస్తుంది" అంది. అని, ఆగింది. నా భుజం మీది మచ్చ చూసింది. మందిరంవైపు, మళ్ళీ రాయివైపు చూసింది. లోపలికి రమ్మని, వేడన్నంలో కొత్త పచ్చడి కలిపి, రెండు ముద్దలు చేతిలో పెట్టింది. ఉపవాసమని చెప్పలేకపోయాను. తింటుంటే, "మళ్ళీ వారం కూడా ఇటు వస్తారా?" అంది.

"వస్తానండీ."

"మా పక్కింటి దగ్గర కూడా కాస్త ఆగండి" అంది, గొంతు బాగా తగ్గించి.